నేల లేని గ్రహం, మా బావగారి కుడికన్ను

మా బావగారి కుడిచేతి చూపుడువేలికి ఒక పసుపురాయి ఉంగరం ఉంటుంది. కనకపుష్యరాగం. గురుడికి ప్రీతిట. ఆ ఉంగరం కంటపడినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. డెబ్భై ఎనభై కోట్ల కిలోమీటర్ల అవతల తన మానాన తాను గిర్రున తిరుగుతున్న ఒక వాయుగోళం, భీమవరం అవతల రొయ్యల చెరువు గట్టు మీద నుంచున్న మనిషి వేలికి ఏ రాయి ఉందో చూసి సంతోషిస్తుందని నమ్మడానికి ఎంత పొగరు కావాలి? దాన్ని వాళ్లు భక్తి అంటారు. నేను పొగరనే అనేవాణ్ణి, అదీ నలుగురూ వినేలా.

బావగారంటే మా అక్కయ్య భర్త. ఒకప్పుడు వరి పండించేవారు, తరవాత అందరిలాగే పొలాలు తవ్వించి చెరువులు చేశారు. నేను తణుకులో ఒక జూనియర్ కాలేజీలో ముప్పయ్యేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. మా వైపు బావాబావమరుదుల మధ్య వెటకారం హక్కుభుక్తం కింద లెక్క. వెటకారం లేని పలకరింపు మా వాళ్లకి ఉప్పు లేని పప్పులా ఉంటుంది. నేను రిటైరయ్యాక చిన్న టెలిస్కోపు కొనుక్కుంటే, ఒక పెళ్లి భోజనాల దగ్గర బావగారు వంద మంది వినేలా, "మా బావమరిది పక్కవాళ్ల డాబాలు చూసుకోడానికి గొట్టం కొనుక్కున్నాడండి" అన్నారు. పంక్తి పంక్తంతా నవ్వింది. నాకు తిన్నది అరగలేదు. ఆ నవ్వుకి బదులు తీర్చుకోవాలని నేను చాలాకాలం మనసులో పెట్టుకుని తిరిగాను. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరవాత జరిగినదంతా సైన్సు కోసం చేశానని ఎవరైనా అనుకుంటే అది తప్పు.

ఆ టెలిస్కోపు గురించి కూడా నిజం చెప్పుకోవాలి. రెండున్నర అంగుళాల అద్దం. మా ఊరి తేమకి అంచుల్లో బూజు. స్టాండు గట్టిగా తుమ్మితే ఊగుతుంది. అందులో నేను మొదటిసారి గురుగ్రహాన్ని చూసినప్పుడు నా వయసు అరవై. ముప్పయ్యేళ్ల పాటు ఏటా, 'సౌరకుటుంబంలో అతిపెద్ద గ్రహం ఏది' అని ఒక మార్కు ప్రశ్న ఇచ్చి, జవాబులు దిద్ది, ఒక్కసారైనా తలెత్తి అది ఎక్కడుందో చూడని మనిషిని నేను. చూశాక మాత్రం మూడు రోజులు మనిషిని మనిషిలా లేను. గుండ్రంగా కూడా లేదు అది. మధ్యలో ఉబ్బి, పైనా కిందా కాస్త నొక్కినట్టుంది. అంత లావు శరీరం పది గంటలు కూడా పట్టకుండా ఒక చుట్టు తిరిగేస్తుంటే నడుము దగ్గర ఉబ్బక ఏం చేస్తుంది? ఒంటి మీద గోధుమరంగు చారలు రెండు. పక్కన వరసగా నాలుగు చుక్కలు, దాని చందమామలు. చూస్తుండగానే గ్రహం మెల్లిగా జరిగి అద్దంలోంచి పక్కకి పోతుంది. మన భూమి తిరుగుతోంది కదా, నిమిషానికోసారి గొట్టాన్ని వేలితో కాస్త నెడుతూ ఉండాలి. నెట్టకపోతే మిగిలేది నల్లటి ఆకాశం.

చూసినవాడు మామూలుగా అణకువ నేర్చుకోవాలి. నేను అణకువ నేర్చుకోలేదు. బావగారిని కొట్టడానికి నాకు కొత్త కర్ర దొరికింది.

బావగారింట్లో ఆ గ్రహానిది పెద్ద పెత్తనం. గురువారం నానబెట్టిన శనగలు ఎవరికో ఒకరికి దానం ఇవ్వాల్సిందే. కొత్త చెరువుకి నీళ్లు పెట్టాలన్నా, రొయ్యపిల్లని వదలాలన్నా గురుబలం చూడాలి. ఊళ్లో సిద్ధాంతిగారు ఒకాయన ఉన్నారు, పెద్దాయన, స్కూటీ మీద తిరుగుతారు, పంచాంగం సంచిలో ఫోను జేబులో. ఆయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపితే బావగారు ఫోను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుని వింటారు. డాక్టరు చెప్పినా, కరెంటాఫీసువాళ్లు చెప్పినా అంత శ్రద్ధగా ఆయన వినగా నేను చూడలేదు. ఆ సిద్ధాంతిగారంటే నాకు చిన్నచూపు. ఎందుకని అడిగితే జవాబు లేదు. ఆయన నాతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడేవారు. బహుశా ఆ మర్యాదే నాకు నచ్చేది కాదు.

ఇక మూఢం సంగతి. ఏడాదికి ఒకసారి గురుగ్రహం సూర్యుడి వెలుగులో కలిసిపోయి, నెల రోజుల పాటు మనకి కనపడదు. దానికేమీ అవదు. సూర్యుడికి అటువైపు నుంచి తన దారిన తాను పోతూనే ఉంటుంది. కానీ మా వాళ్లకి గురుడు కనపడలేదంటే ఊళ్లో శుభకార్యాలన్నీ బంద్. పెళ్లి లేదు, గృహప్రవేశం లేదు, పిల్ల చెవులు కుట్టించడం లేదు. ఫంక్షన్ హాళ్లకి తాళాలు. సన్నాయి మేళం వాళ్లు చెరువుల దగ్గర కూలికి వస్తారు. కొంతమంది ఇంకా ముందుకెళ్లి, కొత్త చెప్పులు కూడా కొనరు. బావగారు ఆ కొంతమందిలోకి వస్తారు.

ఆ మూఢం నడుస్తున్న రోజుల్లోనే, కిందటి వానాకాలం మొదట్లో, బావగారి కుడికన్ను చెడింది.

ముందు కంటి ముందర నల్లటి నూలుపోగులు తేలుతున్నాయన్నారు. చెరువు దగ్గర దోమలనుకున్నారు. తరవాత చీకట్లో మెరుపులన్నారు. చెరువులో గాలి కొట్టే మోటారు స్టార్టరు నిప్పురవ్వలు వేస్తోందని ఎలక్ట్రీషియన్ని పిలిచి తిట్టారు. మూడోనాటికి ముక్కు వైపు మూలనుంచి నల్లటి తెర దిగినట్టుందని అక్కయ్యతో అంటే, ఆవిడ నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లి కారెక్కించి రాజమండ్రిలో కంటాసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడ డాక్టరుగారు చిన్న వయసావిడ. కాగితం మీద గుండ్రంగా బొమ్మ గీసి చూపించారు. కంటి వెనక గోడకి అంటుకుని ఉండే పలచటి పొర చిరిగి, అంచు నుంచి ఊడి వస్తోందట. "నడిమి భాగం ఇంకా అతుక్కునే ఉందండి. అది మీ అదృష్టం. ఈ రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ చేయించుకుంటే చూపు చాలావరకు దక్కుతుంది. నడిమి భాగం కూడా ఊడిపోయాక ఎంత బాగా అతికించినా మనిషి మొహం పోల్చుకునే చూపు రాదండి" అని, వినబడిందో లేదో అన్నట్టు మళ్లీ ఇంకోసారి అదే మాట చెప్పారు.

"ఇంట్లో మాట్లాడుకుని చెప్తామండి" అన్నారు బావగారు, చెరువుకి మందు అమ్మడానికి వచ్చినవాడితో అన్నట్టు.

కారులో గోదావరి వంతెన దాటుతుండగా ఆయన ఫోను తీసి క్యాలెండరు చూశారు. కుడికన్ను మూసుకుని ఎడమకంటితో చూశారు. మూఢం ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఉంగరాన్ని బొటనవేలితో తిప్పుకుంటూ కూచున్నారు. నాకు అర్థమైపోయింది. ఆ క్షణాన నాకు జాలి వెయ్యలేదు. అసహ్యం వేసింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పది మందికి పని ఇచ్చేవాడు, ఒక ఉంగరం తిప్పుకుంటూ తన కన్ను తానే పారబోసుకుంటున్నాడని. నేను కిటికీలోంచి నీళ్ల వైపు చూస్తూ కూచున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నుంచి పలకరింపులు మొదలయ్యాయి. మా వైపు ఒక మనిషికి ఒంట్లో బాగాలేదని తెలిస్తే, అరటిపళ్ల అత్తమో బిస్కట్ పాకెట్లో పట్టుకుని జనం వచ్చి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూచుని, రోగి ఎదురుగానే రోగి గురించి మాట్లాడతారు. ఆ రోజు ఏడెనిమిది మంది ఉన్నారు. పక్క చెరువుల వాళ్లు, ఇద్దరు దూరపు చుట్టాలు, తణుకు చెరకు ఫ్యాక్టరీలో చేసి రిటైరయిన పెద్దాయన ఒకాయన. ఒకాయన మేకపాలు కంట్లో వేసుకోమన్నాడు. ఇంకొకాయన తన తోడల్లుడికి ఇలాగే అయితే ఆకు పసరుతో తగ్గిందన్నాడు. ఏ ఆకని అడిగితే, అది చెప్పకూడదట, చెబితే పని చేయదట. నేను తలుపు పక్కన గోడకి ఆనుకుని, ఈ మనుషులకి ఓటు హక్కు ఎవరిచ్చారా అనుకుంటున్నాను.

చెరకు ఫ్యాక్టరీ పెద్దాయన అడగవలసిన ప్రశ్న అడిగాడు. "ఇంతకీ ఆపరేషన్‌కి ఎప్పుడెళ్తున్నారండి?"

బావగారు గొంతు సవరించుకున్నారు. ఏదో చెప్పబోతున్నారు. నేను చెప్పనివ్వలేదు.

"గురుడుగారి పర్మిషన్ రావాలి కదండీ" అన్నాను. "ఆయన లీవులో ఉన్నారు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా రుచిగా అనిపించింది. పెళ్లి భోజనాల నాటి బాకీ గుర్తొచ్చింది. ఒక కుర్చీ లాక్కుని మధ్యలో కూచున్నాను.

"అసలు ఆ గురుడు ఏంటో మీలో ఎవరికైనా తెలుసా అండి? మన భూములు పదకొండు పక్కపక్కన పేరిస్తే దాని అడ్డకొలత. లోపల పోస్తే పదమూడు వందల భూములు పడతాయి. మిగతా గ్రహాలన్నీ తక్కెట్లో ఒక పక్క వేసినా దానికి సగం తూగవు. అంత పెద్దది. అయినా పది గంటల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది, అందుకే నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. కానీ దాని మీద జానెడు నేల లేదు."

"నేల లేదా?" అన్నారు బావగారు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగారు. జీవితమంతా సర్వే నంబర్ల మధ్య బతికిన మనిషి. "నేలే లేకపోతే ఎక్కడ నుంచుంటారోయ్?"

"నుంచోరండి. దిగిపోతూనే ఉంటారు. పైనంతా మబ్బు. మబ్బు కింద గాలి. గాలి కింద ఇంకా చిక్కటి గాలి. దిగినకొద్దీ పైనున్న బరువుకి నలిగి నలిగి ఆ గాలే నీళ్లలా అయిపోతుంది, ఇక్కడి దాకా గాలి, ఇక్కణ్ణించి నీరు అని గీత గీయడానికి కూడా ఉండదు. ఇంకా లోపలికెళ్తే ఆ నీరు కరిగిన లోహంలా కరెంటు పారే సరుకవుతుంది. మనిషి మాత్రం మొదటి మెట్టులోనే అప్పడమైపోతాడనుకోండి."

"అంతలేసి దాంట్లో ఒక గట్టు వేసుకోడానికి చోటు లేదంటావు" అన్నారు బావగారు.

"లేదు. చారలుంటాయి. పక్కపక్క చారల్లో గాలి ఒకటి ఇటు, ఒకటి అటు, ఎదురెదురుగా వీస్తుంది. మన తుఫాన్లు వాటి ముందు విసనకర్రలు."

"అంటే పూతరేకుల్లా మడతలు మడతలుగా అన్నమాట" అన్నాడు చుట్టాల్లో ఒకాయన. నేను సరేనన్నాను.

"ఒక ఎర్ర మచ్చ ఉందండి దాని ఒంటి మీద. మచ్చ కాదు, సుడి. తుఫాను. వందల ఏళ్లుగా తిరుగుతోంది. మన భూమి మొత్తం అందులో పడేస్తే మునిగిపోతుంది. ఎందుకు ఆగదంటే, తీరం దాటడానికి అక్కడ తీరం లేదు కదా, నేల తగిలితే కదా తుఫాను చచ్చేది. ఇంక వాసనంటారా, ఆ మబ్బులు అమ్మోనియా మబ్బులు. మన ఐస్ ఫ్యాక్టరీలో గొట్టం లీకైతే ఊరంతా ముక్కు మూసుకుంటుంది చూడండి, ఆ సరుకు. సూర్యుడు ఇచ్చేదానికంటే ఎక్కువ వేడి తనలోంచే వెళ్లగక్కుతుంటుంది. ఎప్పుడో పుట్టినప్పటి వేడి, ఇంకా చల్లారలేదు. ఈ కంపు కొట్టే గాలిమూటకి వీళ్లు గురువారం గురువారం శనగలు పెడుతున్నారు."

వాళ్లు కుర్చీల్లో వెనక్కి వాలి నవ్వుతున్నారు. అప్పుడే వంటింటి గుమ్మంలో అక్కయ్య కనిపించింది. చేతిలో కాఫీ గ్లాసుల పళ్లెం ఉంది. నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. కనుబొమలు ముడిచి, ఆపు అని పెదవులతో అంది. నేను చూశాను. చూడలేదని చెప్పుకోడానికి వీల్లేదు, ఆవిడ నాకు సరిగ్గా ఎదురుగా ఉంది. కానీ ఏడుగురు నవ్వుతుండగా ఆగడం నాకు చేతకాలేదు. ముప్పయ్యేళ్లలో నా క్లాసులో ఎవరూ అలా నవ్వలేదు.

"మొత్తానికి ఒకటండి" అన్నాను. "ఒక గాలిబుడగ కనపడట్లేదని కన్ను పోగొట్టుకునే మనిషిని గోదావరి జిల్లాలు రెండూ గాలించినా ఇంకొకణ్ణి చూడలేం. గురుడికే కాదు, మా బావగారి బుర్రకి కూడా నేల లేదు. ఏది వేసినా దిగిపోతుంది తప్ప ఎక్కడా నిలవదు."

ఈసారి నవ్వు వీధిలోకి వినిపించింది. బావగారు కూడా నవ్వారు, అందరి కంటే కాస్త ఆలస్యంగా. తరవాత అక్కయ్య ఇచ్చిన గ్లాసు తాగకుండానే కింద పెట్టారు.

"అయితే నేనూ ఒకటి చెప్తానండి, అందరూ ఉన్నారు కాబట్టి" అన్నారు. "గురుడు పైకొచ్చేదాకా ఈ కంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఇదే నా మాట."

ఆయన లేచి లోపలికెళ్లిపోయారు. అరటిపళ్లు తెచ్చినవాళ్లు చెప్పులేసుకున్నారు.

వంటింట్లో అక్కయ్య నావైపు తిరగకుండా గ్లాసులు కడుగుతోంది. తలుపు వెనక రెగ్జిన్ బ్యాగు ఒకటి ఉంది. జిప్పు పూర్తిగా పడలేదు, తువ్వాలు అంచు బయటికి కనిపిస్తోంది, పక్కన ఫ్లాస్కు.

"పొద్దున్నే సిద్ధాంతిగారికి ఫోన్ చేశాను" అంది. "వైద్యానికి మూఢం అడ్డు లేదమ్మా, శాస్త్రంలో ఎక్కడా లేదు, వెంటనే వెళ్లమనండి అన్నారు. మీ బావకి కూడా ఆయనే చెప్పారు. రేపు పొద్దున ఆరింటికి కారు మాట్లాడాం. వాళ్లకి ఆ మాటే చెప్పబోయారు మీ బావ. నేను ఆపమన్నాను కదరా నిన్ను. చూశావు కదా."

"చూశానక్కా" అన్నాను.

 అక్కయ్య ట్యాపు కట్టేసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను బావగారి మంచం పక్కన కూచుని బతిమాలాను. తప్పయిందన్నాను. ఆయనకి కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. "నువ్వన్నదాంట్లో తప్పేముందోయ్. గాలిబుడగే కదా. ఎన్నాళ్లుంటుంది, పైకి రాకపోతుందా" అన్నారు. మర్నాడు సిద్ధాంతిగారు స్వయంగా స్కూటీ వేసుకుని వచ్చారు. నేను గుమ్మంలో నుంచుని ఉంటే నాకు నమస్కారం పెట్టి లోపలికెళ్లారు. అరగంట చెప్పారు. పంచాంగం విప్పి చూపించారు. బావగారు అంతా విని, "మీరు కూడా మా బావమరిదికి జడిసి మాట మారుస్తున్నారండి" అన్నారు. ఏడుగురి ముందు అన్న మాట అది, ఇప్పుడు వెళ్తే బావమరిది వెటకారానికి భయపడి వెళ్లినట్టవుతుంది. మా జిల్లాల్లో మనిషి కన్ను వదులుకుంటాడు గానీ నలుగురిలో అన్న మాట వదులుకోడు. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నేనూ ఆ గట్టు మీద పుట్టినవాణ్ణే.

అయిదో రోజుకి తెర కంటి నడిమికి వచ్చేసింది. అక్కయ్య ఫోన్ చేసి, "ఆ కంటికి ఇంక నా మొహం కనపడట్లేదట" అని చెప్పి పెట్టేసింది.

మూఢం వెళ్లాక వచ్చిన గురువారం, మంచి గంట చూసుకుని, ఆపరేషన్ చేయించారు. పొర అతుక్కుంది. చూపు రాలేదు. ఆ కంటితో కిటికీ ఎటుందో తెలుస్తుంది, కంటి ముందర చెయ్యి ఆడిస్తే నీడ తెలుస్తుంది, అంతే. కట్టు విప్పిన రోజున ఆ డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు.

"మీరు ఫిజిక్స్ లెక్చరర్ అని మీ అక్కగారు చెప్పారండి. ఆయనవి మూఢనమ్మకాలనుకుందాం. చదువుకున్నవారు, మీరైనా చెప్పలేదా?"

"చెప్పానండి" అన్నాను.

అది అబద్ధం కాదు. దానికంటే నీచమైన మాట నా నోట్లోంచి ఇంతవరకు రాలేదు.

ఆ తరవాత ఆరేడు నెలలు నేను ఆ ఊరు వెళ్లడం తగ్గించాను. వెళ్లినా గుమ్మంలోంచే పలకరించి, బస్సుందని చెప్పి వచ్చేసేవాణ్ణి. టెలిస్కోపు బీరువా మీద దుమ్ము పట్టింది. ఆకాశంలో గురుడు మళ్లీ పైకొచ్చాడు, నెలనెలా ఇంకా ఇంకా ఎక్కువసేపు కనిపించసాగాడు. మాఘమాసానికి పొద్దు కూకేసరికే తూర్పున పైకొచ్చి, చుక్కలన్నిటికంటే ముందు వెలిగేవాడు. డాబా మీద ఆరేసిన బట్టలు తీసేటప్పుడు కనిపిస్తే తల దించుకునేవాణ్ణి. నిజంగానే దించుకునేవాణ్ణి. గాలిమూట అని నేను తిట్టిన దాని ముందు.

అప్పుడే ఒకరోజు బావగారు ఫోన్ చేశారు. "ఏమోయ్ సైంటిస్టూ. ఆ గొట్టం పట్టుకుని ఓసారి రా. నా కన్ను తిన్నవాడి మొహం నేను చూడాలి."

ఎవరి మొహం అని అడగడానికి నాకు నోరు రాలేదు.

చెరువు గట్టు మీద, మోటారు షెడ్డు పక్కన, స్టాండు నిలబెట్టాను. పొద్దు కూకి అరగంటయింది. చెరువులో గాలి కొట్టే చక్రాలు నురగ చిమ్ముతున్నాయి. మేమిద్దరమే ఉన్నాం. అక్కయ్య ఇంటి దగ్గరే ఉండిపోయింది. నేను వంగి గ్రహాన్ని పట్టి, అద్దం మధ్యలోకి తెచ్చి, "త్వరగా చూడండి బావగారూ, జరిగిపోతుంది" అన్నాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగారు. నేను చెరువు వైపు తిరిగి నుంచున్నాను. ఆయన చూస్తుంటే నేను చూడలేకపోయాను.

చెరువులో నురగనే చాలాసేపు చూశాను. తరవాత ఆయన నింపాదిగా మొదలుపెట్టారు.

"బావుందోయ్. మధ్యలో ఉబ్బి ఉంది, నువ్వన్నట్టే. పది గంటల్లో తిరిగేస్తే ఉబ్బదా మరి. చారలు తెలుస్తున్నాయి. పూతరేకు మడతల్లాగా. ఇదిటు, అదటు. గట్టు వేసుకోడానికి ఎక్కడా చోటు లేదు, నిజమే."

"అవునండి" అన్నాను.

"వాసన మాత్రం రావట్లేదు. ఐస్ ఫ్యాక్టరీ వాసనన్నావు. ఆ ఎర్ర మచ్చ కూడా కనిపిస్తోంది. భూమి మునిగిపోతుందన్నావే, అది. ఇంకా తిరుగుతూనే ఉంది పాపం, ఆగడానికి నేల లేక."

నేను గిరుక్కున తిరిగాను. నా టెలిస్కోపులో ఎర్ర మచ్చ కనపడదు. నేను దాన్ని పుస్తకాల్లో తప్ప ఎక్కడా చూడలేదు. బావగారు ఎడమకన్ను గట్టిగా మూసుకుని, కుడికన్ను గొట్టానికి ఆనించి వంగి ఉన్నారు. పోయిన కన్ను. ఆ వరండాలో నేను నవ్వుల కోసం విసిరిన ప్రతి మాటా, ఒక్కటి వదలకుండా ఆయన దాచుకున్నారు.

 

బావగారు నడుము పట్టుకుని మెల్లిగా లేచారు. "నువ్వూ చూడు" అని పక్కకి తప్పుకున్నారు.

నేను వంగి చూశాను. గ్రహం అందులో లేదు. ఎప్పుడో పక్కకి జరిగిపోయింది. నల్లటి ఆకాశం మాత్రం ఉంది. నేను దాన్నే చూస్తూ వంగి ఉండిపోయాను.

"ఎలా ఉందోయ్?" అన్నారు బావగారు నా వెనకనుంచి.

"మీరు చెప్పినట్టే ఉందండి" అన్నాను.